నీలం వైరు

రిత్వ నిస్కానెన్‌కు ఒకచోట కుదురుగా కూర్చోవడం చిన్నప్పటి నుంచీ చేతకాదు. కెనడాలోని థండర్ బేలో స్కూలు బస్సు నడుపుతుంది. స్టీరింగు చేతిలో ఉన్నంతసేపే మనసు నిలకడగా ఉంటుంది. దిగితే మళ్ళీ మామూలే. పొయ్యి ఆర్పానా, తలుపు వేశానా అని సగం దారిలోంచి వెనక్కి వస్తుంది.

కిందటేడు చలికాలంలో ఆ గుబులు రెట్టింపైంది. భర్త ఆర్నెతో ఒక పెళ్ళికి వెళ్ళి వచ్చేసరికి ఇంటిని వెచ్చగా ఉంచే ఫర్నేస్ ఆగిపోయి, గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి, అవి పగిలి వంటింటి కప్పు ఊడి నేలమీద పడి ఉంది. ఇల్లు చూస్తూ ఉండమని ఆర్నెకు అన్నయ్యైన ఒలవికి తాళం ఇచ్చి వెళ్ళారు. ఆ శనివారం అతను సరస్సు మీద మంచుకు కన్నం పెట్టుకుని చేపలు పట్టుకుంటున్నాడు.

"మా ఇంటికన్నా నీకు చేపలే ఎక్కువయ్యాయా ఒలవీ" అని రిత్వ అందరి ముందూ అనేసి తాళం వెనక్కి పుచ్చుకుంది. గరాజ్ తలుపు తెరిచే నంబరు కూడా మార్చేసింది. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

ఈ జనవరిలో టొరంటోలో ఉన్న చెల్లెలు ఐలాకు గుండె ఆపరేషన్ ఖాయమైంది. ఆర్నె ఉత్తరాన గనిలో డ్యూటీలో ఉన్నాడు. పక్కింటివాళ్ళు చలికి తాళలేక ఫ్లోరిడా వెళ్ళిపోయారు. ఇల్లు ఖాళీగా వదలాలి. ఇంకెవరినీ దేబిరించే పని లేకుండా, ఇంట్లో వేడి ఎంతుందో ఫోన్లోనే చూసుకోవచ్చని ఫర్నేస్‌ను అదుపు చేసే వైఫై థర్మోస్టాట్ కోసం షాపుకు వెళ్ళింది.

"మీ పాతదాని వెనక ఎన్ని వైర్లున్నాయి?" అని అడిగింది కౌంటర్లో అమ్మాయి.

"దానివెనక ఎవరు చూస్తారమ్మా?"

"చూసి రండి. రెండే ఉంటే ఇందులో సగం పనికిరావు. వైఫైకి ఎప్పుడూ కరెంటు అందాలి, దానికి ఇంకో వైరు కావాలి."

రిత్వ ఇంటికొచ్చి గోడమీది పాత డబ్బా విప్పింది. ఎరుపు, తెలుపు వైర్లు మాత్రమే బిగించి ఉన్నాయి. టార్చి వేసి గోడ కన్నంలోకి తొంగి చూస్తే, ఎవరో ఎప్పుడో వాడకుండా చుట్టి లోపలికి తోసేసిన నీలం వైరు కనిపించింది. ఆ పూటే తిరిగి వెళ్ళి, అంగడిలో మెరిసేవన్నీ వదిలి, పెద్ద అంకెలున్న సాదా రకం కొనుక్కుంది.

మర్నాడు మెయిన్ ఆపి, పాత వైర్లున్న తీరు ఫోటో తీసుకుని, కొత్తదానికి మూడు వైర్లూ బిగించింది. నేలమాళిగలోకి దిగి ఫర్నేస్ మూత తీసి, నీలం వైరు రెండో కొసను సీ అనే అక్షరం ఉన్న స్క్రూకు చుట్టింది. కరెంటు వేయగానే పైన తెర వెలిగింది, కింద మంట అందుకుంది. పద్దెనిమిది డిగ్రీల దగ్గర పెట్టింది. విమానం ఎక్కే లోపల ఫోన్ తీసి ఎన్నిసార్లు చూసుకుందో ఆమెకే తెలియదు.

టొరంటో ఆసుపత్రిలో ఐలాను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు. వరండాలో కూర్చున్న రిత్వ ఫోన్ తీసింది. పద్దెనిమిది. లేచి కిటికీ దాకా నడిచి వచ్చింది. పద్దెనిమిది. కాఫీ తెచ్చుకుని మళ్ళీ చూస్తే అంకె లేదు. ఇంటితో సంబంధం తెగిపోయిందని ఉంది.

కరెంటు పోయిందా, ఇంటర్నెట్ పోయిందా, ఫర్నేసే ఆగిందా? ఊళ్ళో చలి సున్నాకు ముప్ఫై కింద ఉంది. తెర తడిమింది, మూసింది, తెరిచింది. ఆర్నె భూమి లోపల ఉంటాడు, ఫోన్ అందదు. ఎటు తిప్పి చూసినా ఒక్క పేరే మిగిలింది. మధ్యాహ్నం దాకా తాత్సారం చేసి, చివరికి నొక్కింది.

"ఒలవీ, నేను రిత్వని."

"తెలుసు. పేరు చూపిస్తుంది కదా. ఐలా ఎలా ఉంది?"

"ఇంకా లోపలే. ఇంట్లో ఏదో అయింది, నువ్వొకసారి..."

"గరాజ్ నంబరు మార్చావుగా. కొత్తది చెప్పు."

ఆమె చెప్పింది. కాసేపటికి వీడియోలో తన వంటిల్లు, ఒలవి నోట్లోంచి ఆవిరి కనిపించాయి.

"లైట్లు వెలుగుతున్నాయి. నీ కొత్త బొమ్మే నల్లగా చచ్చి ఉంది. గోడమీది థర్మామీటర్లో పాదరసం ఏడు చూపిస్తోంది."

"కిందికి దిగు. ఫర్నేస్ పక్కన స్విచ్ ఆపేసి, మూత తియ్యి."

"కళ్ళజోడు తేలేదు."

"ఫోన్ దగ్గర పెట్టు, నేను చూస్తా. అదిగో, నీలం వైరు వేలాడుతోంది." అంది రిత్వ. "నేను బిగించిందే. ఫర్నేస్ అదురుకి ఊడొచ్చింది. నేనే సరిగ్గా బిగించలేదు."

"చెప్పు, ఎక్కడ పెట్టాలి?"

"సీ దగ్గర. ఇంకా ఎడమకి. అదే. ఇంకో చుట్టు తిప్పు. గట్టిగా."

అతను గొణుక్కుంటూ బిగించాడు. మూత పెట్టి స్విచ్ వేశాడు. ఇద్దరూ చెవులు రిక్కించారు. ముందు చిన్న గాలి హోరు, తర్వాత మంట భగ్గుమన్న చప్పుడు. కుళాయిలన్నీ తిప్పి నీళ్ళు వస్తున్నాయన్నాడు.

"పోయినేడు నేను మర్చిపోలేదు రిత్వా" అన్నాడు ఒలవి, ఫోన్ నేలవైపు తిరిగి ఉండగా. "గుమ్మం దాకా వచ్చాను. కిటికీలోంచి చూస్తే బాగానే అనిపించింది. బద్ధకించి లోపలికి రాలేదు."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా."

"చెప్పనిచ్చావా?"

అంతలో ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న డాక్టరమ్మ బయటికొచ్చింది. ఐలాకు గండం గడిచింది, సాయంత్రం చూడొచ్చు. రిత్వ ఆ మాట ఫోన్లో చెప్పింది. "ఇల్లు వేడెక్కేదాకా ఇక్కడే ఉంటాలే" అని ఒలవి పెట్టేశాడు.

తెరమీద అంకె మళ్ళీ వచ్చింది. తొమ్మిది. పది. చూస్తుండగానే, ఎంత వేడి కావాలో తను పద్దెనిమిది దగ్గర పెట్టిన పక్క అంకె ఇరవై రెండుకు ఎగబాకింది. ఒలవి పనే అది, సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంటాడు. తగ్గించడానికి వేలు తెర దాకా వచ్చింది. వద్దులే అనుకుని ఫోన్ బ్యాగులో పడేసి, వరండా చివరిదాకా నడిచింది. అక్కడి నుంచి తిరిగొచ్చి, మళ్ళీ తీసి చూసింది. పద్నాలుగు.