నలభై ఒకటో కుర్చీ

దేశ రాజధానిలోని కటవారియా సరాయ్ పేటలో సివిల్స్ చదివేవాళ్ళకు అద్దె గది దొరుకుతుంది గానీ, అందులో మంచం వేశాక కుర్చీకి చోటు మిగలదు. అందుకే రీడింగ్ రూముల్లో నెలవారీగా కుర్చీ తీసుకుంటారు, పొద్దుటి షిఫ్టు ఒకరు, సాయంత్రం షిఫ్టు ఇంకొకరు. అరుంధతి ఐదేళ్ళు ఆ కుర్చీల్లోనే కూర్చుని, నాలుగుసార్లు పరీక్ష రాసి, ఇక చాలనుకుని గురుగ్రామ్‌లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరింది. విడ్డూరం చూడండి, ఆ కంపెనీ చేసేది రీడింగ్ రూముల్లో కుర్చీలు బుక్ చేసే యాప్. పేట మాత్రం వదల్లేదు, టేబులు పట్టేంత గదికి మారింది.

రీడింగ్ రూములు మూడున్నప్పుడు అంతా బాగానే నడిచింది. అరవై అయ్యేసరికి యాప్ మొరాయించింది. యజమాని హరనాథ్ ఊరుకునే మనిషా? ఒక్క డేటాబేస్ చాలదని నాలుగు నకళ్ళు పెట్టించి, ఏది దగ్గరుంటే అందులోనే బుకింగ్ రాసుకునేలా చేయించాడు. నకళ్ళు కొన్ని సెకన్ల తర్వాత ఒకదాన్ని చూసి ఒకటి సరిదిద్దుకుంటాయి. ఆ కొన్ని సెకన్లే కొంప ముంచాయి.

ఏప్రిల్ ఒకటిన నలభై ఒకటో కుర్చీకి ఇద్దరు వచ్చారు. ఇద్దరి ఫోన్లలోనూ పచ్చటి టిక్కు. ప్రిలిమ్స్‌కు ఎనిమిది వారాలు కూడా లేవు. తగువులో ఓడిన పిల్ల బయట మెట్ల మీదే పుస్తకం తెరిచి కూర్చుంది. క్షమాపణ చెప్పి రమ్మని అరుంధతిని పంపారు. ఆ పిల్ల తలెత్తి కూడా చూడలేదు. ఆ రోజు అరుంధతికి అన్నం సయించలేదు.

మర్నాడు మీటింగులో తన మాట చెప్పేసింది. "ఫొటోలు, టైమింగులు, వెతకడం నకళ్ళతో నడిపిద్దామండీ. కుర్చీ ఇవ్వడం మాత్రం ఒక్క డేటాబేస్‌లోనే. ఒక కుర్చీకి, ఒక షిఫ్టుకి రెండో పేరు వస్తే ఆ డేటాబేసే తోసెయ్యాలి."

"స్లో అవుద్దమ్మా. నెలాఖరున అందరూ ఒక్కసారే మీద పడతారు" అన్నాడు హరనాథ్.

"పడితే క్యూలో నిలబడతారు. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేస్తే సీటు మనదే కదండీ. మనం ఆ కర్చీఫ్‌కి జెరాక్సులు తీసి పంచాం."

హరనాథ్‌కు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. "ఠీక్ హై, నీ మాటే కానీ. యాప్ పడుకుందంటే మాత్రం ఇక్కడ నీ కుర్చీ ఉండదు."

ఏప్రిల్ ముప్పై పొద్దున ఆరింటికి మే నెల బుకింగులు తెరిచారు. తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది, ఒక్కొక్కరికి నలభై సెకన్లు తిరిగింది. జనం తిట్టుకుంటూనే ఆగారు. ఆరూ పదికల్లా కుర్చీలన్నీ నిండాయి, ఒక్కోదానికి ఒక్కటే పేరు. హరనాథ్ "అచ్ఛా" అని ఒక్క ముక్క మెసేజ్ పెట్టాడు. ఆయన దగ్గర అదే పెద్ద మెచ్చుకోలు.

ఆరూ పావుకు ప్రవల్లిక ఫోన్ చేసింది. ఒకప్పుడు ఇద్దరిదీ ఒకే గది. ప్రవల్లికకు ఇది ఆఖరి ప్రయత్నం.

"ఏందే, సీట్లు అయిపోయినయ్ అంటుంది. చేసింది నువ్వే గద. మెల్లగ నా పేరొకటి ఎక్కియ్యరాదే."

"ఎక్కదే. నేను ఎక్కిచ్చినా ఎక్కదు. అట్లనే కట్టిన."

"మంచిగనే కట్టినవ్ తియ్" అని ప్రవల్లిక ఫోన్ పెట్టేసింది.

అరుంధతి మనసు చివుక్కుమంది. తప్పు చెయ్యలేదని తెలుసు, అయినా ఆఫీసులో రోజంతా ఆ మాటే చెవిలో గింగురుమంది. సాయంత్రం రెండు సందుల అవతల ఉన్న ప్రవల్లిక గదికి వెళ్ళి, తన గది రెండో తాళంచెవి చేతిలో పెట్టింది. "పొద్దుగాల తొమ్మిది నుంచి ఏడు దాక నా టేబులు ఖాళీగనే ఉంటది. కుర్చీ గూడ ఉంది."

ఆదివారం అరుంధతి ఇంట్లోనే ఉంది. టేబులు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఏదో చూసుకుంటోంది. సరిగ్గా తొమ్మిదింటికి ప్రవల్లిక పుస్తకాల సంచితో వచ్చి పక్కన నిలబడింది.

"నా షిఫ్టు" అంది, నవ్వకుండానే.

అరుంధతి కుర్చీలోంచి లేచి, ల్యాప్‌టాప్ తీసుకుని మంచం మీదికి మారింది.