తమ్ముడికంటే చిన్నవాడైన అన్న

మొన్న మా కోడలు నన్ను బాల్కనీలో వెలుతురు వైపు కూర్చోబెట్టి, సెల్‌ఫోన్ నా ముఖానికి ఎదురుగా పట్టి, "మామయ్యా, జర కండ్లార్పుండ్రి, మీరు బతికున్నట్టు గవర్నమెంటుకు తెలువాలె" అంది. పింఛను తీసుకునే మన ఈడు వాళ్లందరికీ ఏటా తప్పని తంతే ఇది. ఒకప్పుడు ట్రెజరీ ఆఫీసు వరండాలో వరుసగా కూర్చుని, ఈ ఏడాది ఎవరు పోయారో, ఎవరికి షుగర్ వచ్చిందో చెప్పుకుంటూ, సంతకం పెట్టి బయటికొచ్చి మిర్చి బజ్జీలు తిని ఇల్లు చేరేవాళ్లం, మీకూ గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు మడికొండలో మూడో అంతస్తులో కూర్చుని కన్ను ఆర్పితే సరిపోతుంది. నేను కావాలనే ఆర్పలేదు. గుడ్లప్పగించి అట్లాగే చూస్తూ ఉంటే ఫోన్ నన్ను బతికున్నవాడిగా ఒప్పుకోలేదు. "ఏంది మామయ్యా, నాకు మీటింగున్నది, సతాయించకుండ్రి" అని కోడలు కసిరాక ఆర్పాను. వెంటనే తెరమీద నా ఫొటో, పేరు, పుట్టిన తేదీ, వయసు వచ్చాయి. ఆ వయసు అంకెను చూడగానే నాకు జైలు గుర్తొచ్చింది.

కంగారు పడకండి, నేను జైల్లో ఉన్నది నెలజీతానికి. ఆఫీసు గుమాస్తాగా చేరి, తల నెరిసేదాకా అక్కడే ఉన్నాను. ఏ జైలో మాత్రం అడగకండి, వరంగల్ చుట్టుపక్కలదని అనుకోండి, చాలు. అన్నం పెట్టిన చోటును ఊరూ పేరూ పెట్టి బజారుకీడ్చడం నాకు ఇష్టం ఉండదు.

ఆ జైలుకు కంప్యూటర్‌ను తెచ్చింది నేనే. పెళ్లిళ్లలో భోజనాల దగ్గర నేను ఇట్లాగే మొదలుపెడతాను, వినేవాళ్లు కూడా వడ్డన వచ్చేదాకా వింటారు. మీ దగ్గర దాపరికమెందుకు, అసలు జరిగిందేమిటంటే, జీపులోంచి పెట్టెలు దించుతుంటే అన్నిటికంటే తేలికైనది, అంటే కీబోర్డు ఉన్నది, నా చేతిలో పెట్టారు. దాన్ని పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని గేటు దాటించాను. దానికోసం ఓ గదికి సున్నం వేసి, ఏసీ బిగించి, లోపలి మగ్గాలమీద మన ఖైదీలే నేసిన ఎర్రచారల జంపఖానా పరిచారు. చెప్పులు బయట విడిచి వెళ్లాలి. ఎండాకాలం వచ్చేసరికి ఆ గదిలో పనిలేని మనిషి ఆఫీసులో లేడు. వంటశాల లెక్కలు చూసే ఆయన సైతం ఉల్లిగడ్డల ధర కంప్యూటర్‌ను అడగాలని వచ్చి, మధ్యాహ్నమంతా జంపఖానామీద కునుకు తీసి పోయేవాడు. దసరాకు దానికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ దాని ముందు కొట్టవచ్చా, నీళ్లు చిందితే పాడవుతుందా అని పెద్ద చర్చ జరిగితే, చివరికి కాయను వరండాలో కొట్టి చిప్పను లోపల చూపించాం.

మా పాత రిజిస్టర్ల కాలంలో ఖైదీ గేటు లోపలికి రాగానే పేరు, ఊరు, తండ్రి పేరు, పుట్టుమచ్చలు, వయసు రాసుకునేవాళ్లం. మిగిలినవన్నీ చెప్పేవాళ్లు గానీ, వయసు దగ్గర అందరూ ఆగిపోయేవాళ్లు. మా ఊరికి మొదటిసారి బస్సు వచ్చినప్పుడు గింతున్న సారూ అని ఒకరు నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపిస్తే, చెరువు తెగిన ఏడు నాకు మీసాలు మొలుస్తున్నాయని ఇంకొకరు అనేవాళ్లు. మేము మనిషిని ఎగాదిగా చూసి, సుమారు నలభై అనో, సుమారు యాభై అనో రాసేవాళ్లం. ఆ 'సుమారు' ఎంత చల్లని మాటో అప్పుడు నాకు తెలియదు. అందులో అటు నాలుగేళ్లు, ఇటు నాలుగేళ్లు హాయిగా కాళ్లు చాపుకోవచ్చు.

కంప్యూటర్‌కు ఆ మాట పట్టలేదు. మాకు నేర్పడానికి హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మాయి, "సుమారు గిమారు అంటే తీసుకోదు సార్, ఒక్క నెంబరు కొట్టండి, పుట్టిన తేదీ కూడా కొట్టండి, లేకపోతే ముందుకు పోదు" అని ఖరాఖండిగా చెప్పింది. తేదీ తెలియనివాళ్లకు ఏం చేయాలంటే, జూలై ఒకటి వేయమంది. మన బడిపంతుళ్లు కూడా అదే చేశారు కదా, నాతో చదువుకున్న స్నేహితుల్లో సగంమంది జూలై ఒకటినే పుట్టారు. అట్లా ఆ వేసవిలో నేను ఒక్కణ్నే జైలు జైలంతటికీ పుట్టినరోజులు ప్రసాదించాను. సరే, ఒక్కణ్నే కాదు, ముగ్గురం. నేను ఒక వేలితో కొట్టేవాణ్ని కాబట్టి నా వాటా అన్నిటికంటే తక్కువ.

మా సూపరింటెండెంటు, మేము పెద్దసారు అనేవాళ్లం, మంచి మనిషి. ఎవరి పుట్టినరోజున వాళ్లకు ఓ గ్లాసు పాయసం ఇప్పిస్తే బాగుంటుందని ఆయనకు తోచింది. జూన్ అంతా ఇద్దరో ముగ్గురో తాగారు. జూలై ఒకటిన పొద్దున జాబితా తీస్తే కాగితం నేలమీదికి పాకుతూ పోయింది. వంటశాల ఆయన ఆ కాగితం చివర పట్టుకుని వచ్చి, "గీళ్లందరు ఒక్క తల్లికి పుట్టిండ్రా సారూ?" అని అడిగాడు. అయినా పెద్దసారు మాట తప్పలేదు, ఉన్న బియ్యంలోనే ఇంత బెల్లం వేసి పలచగా చేయించారు.

ఆ రోజును నిజంగా పుట్టినరోజుగా పాటించిన మనిషి ఒకడున్నాడు, మా ఆఫీసు తాత. నర్సంపేట అవతల పల్లె. పొలం గెట్టు పంచాయితీలో పార ఎత్తి, ఒక మనిషి ప్రాణం తీసి, యావజ్జీవం పడి వచ్చాడు. ఆ సంగతి ఎన్నడూ దాచలేదు, ఎన్నడూ సమర్థించుకోలేదు, ఎవరైనా తవ్వితే గ్లాసులు కడగడానికి లేచిపోయేవాడు. నమ్మకస్తుడని ఆఫీసు పనికి పంపారు. మేము వచ్చేసరికి బల్లలు తుడిచి, స్టౌ వెలిగించి, అల్లం దంచుతూ కనిపించేవాడు. ఆ చాయ్‌లాంటి చాయ్ నేను భూప్రపంచంలో తాగలేదు. భూప్రపంచమంటే హన్మకొండ, కాజీపేట, ఒకసారి తిరుపతి. నాకు ఇంట్లో గొడవ అయిన రోజున ఏమీ అడగకుండానే చక్కెర కొంచెం ఎక్కువ వేసేవాడు. తన 'పుట్టినరోజున' మా అందరికీ అట్లాగే వేశాడు.

అప్పుడు పై నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. సత్ప్రవర్తనతో ఉండి, అరవై అయిదు నిండిన ముసలి ఖైదీలను ఇళ్లకు పంపాలని, జాబితా తయారు చేయమని. మేమందరం మొదట తాత ముఖమే చూశాం. పళ్లు సగం లేవు, నడుము వంగింది. కంప్యూటర్‌లో నొక్కితే తాతకు యాభై తొమ్మిది. అరెస్టు చేసిన రోజున జుట్టు నల్లగా ఉందని ఎవరో సుమారు నలభై అయిదు అని రాశారు, ఆ సుమారు ఊడిపోయి అంకె మిగిలింది, దాని మీద జైలు ఏళ్లు చేరాయి. మార్చాలంటే పెద్దసారు చెప్పాలి, ఆయన చెప్పాలంటే ఆధారం చూపాలి, తాతకు బడి లేదు, పుట్టిన కాయితం లేదు. జాబితా వారంలో పైకి పోవాలి. మళ్లీ ఇలాంటి ఉత్తర్వు ఎన్నడొస్తుందో, వచ్చేదాకా తాత ఉంటాడో లేదో.

తాత ఒక్కసారి కూడా అడగలేదు. నేనే ఆగలేక, అసలు నీకెన్నేండ్లుంటాయి తాతా అంటే, గ్లాసు నా ముందు పెట్టి, "నా ఏండ్లు నాకేమెర్క సారూ, మిషిన్‌కెరికైతే గంతే అనుకోండ్రి. ఫికర్ చెయ్యకుండ్రి, చాయ్ సల్లారుతాంది" అన్నాడు. ఆ మధ్యాహ్నం మాత్రం, ఎన్నడూ లేనిది, పాలు పొంగిపోయి స్టౌ ఆరిపోయింది. తాత అక్కడే నిలబడి ఉన్నాడు, చూడలేదు.

ఆ వారంలోనే ములాఖత్ రోజు. తాతను చూడటానికి నెలకోసారి తప్పకుండా వచ్చేది తమ్ముడే. బస్సు దిగి, సంచిలో నాలుగు బత్తాయిలతో, తలకు తువ్వాలు చుట్టుకుని వస్తాడు. అప్పటికి ములాఖత్ చీటీ కూడా కంప్యూటర్‌లోంచే తీస్తున్నాం, ఆ కిటికీ దగ్గర డ్యూటీ నాదే. తమ్ముడు ఇచ్చిన కార్డు చూసి వివరాలు కొట్టాను. చూడవచ్చిన మనిషి వయసు అరవై ఆరు, ఖైదీ వయసు యాభై తొమ్మిది, వరస తమ్ముడు. కంప్యూటర్‌కు అందులో ఏ తప్పూ కనబడలేదు, చీటీ చక్కగా వచ్చింది.

ఇక్కడి నుంచి కథ నేను రెండు రకాలుగా చెబుతాను. పెళ్లిళ్లలో చెప్పేది ఇది: నేను కుర్చీ తన్ని లేచి, చీటీ చేతపట్టుకుని పెద్దసారు గదిలోకి దూసుకుపోయి, బల్ల గుద్ది, ఇదెక్కడి న్యాయం సార్, ఈ దేశంలో తమ్ముడు అన్నకంటే ముందు పుట్టడమేమిటి అని నిలదీశాను. ఆయన వణికిపోయాడు.

జరిగింది వేరు. నేను చీటీ చూసి నవ్వుకుని, తమ్ముడికి మాటవరసకు చెప్పాను, మీ అన్న నీకంటే చిన్నోడట పెద్దమనిషీ అని. ముసలి ఖైదీలను విడుస్తున్నారని ఊళ్లోనే విన్నాడట, అన్న పేరు ఆ జాబితాలో ఎందుకు లేదో అప్పుడే అతనికి తెలిసింది. ముఖం నల్లబడింది. లోపలికి పోయి ఇనుప జాలీ దగ్గర నిలబడ్డాడు. అవతల తాత. అదే సమయానికి పెద్దసారు రౌండుకు వచ్చారు. తమ్ముడు ఆయనను చూడగానే తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని, ములాఖత్ గది మొత్తం తిరిగి చూసేటట్టు అరిచాడు.

"సారూ, నీ కాల్మొక్త, జర గీడ సూడు! మా అవ్వ నన్ను కన్నంక మంచంల పడితే, గీ అన్నే నన్ను సంకనేస్కొని ఊరంత తిరిగిండు. ఎడ్లు కాసెటోడు, నన్ను ఎడ్లెంబడి ఏస్కపోయెటోడు. నేను ముసలోల్ల పింఛన్ తీస్కుంటాన, నన్నెత్తుకున్నోడు నాకంటె సిన్నోడెట్లయితడు? సంకల ఉన్నోడు పెద్దోడా, ఎత్తుకున్నోడు పెద్దోడా? నువ్వే చెప్పు!"

జాలీ అవతల తాతకు సిగ్గు ముంచుకొచ్చింది. "ఊకోరా, సార్ల ముందట ఒర్రుతవేందిరా, ఎన్నడు బుద్ధొస్తదిరా నీకు" అని కసిరాడు. ఆ కసురే సాక్ష్యమైపోయింది. అట్లా అన్నలే కసరగలరు. పెద్దసారు పగలబడి నవ్వారు, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకుని ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశారు. నవ్వు ఆగిపోయింది. మర్నాడే తాతను పెద్ద దవాఖానకు, డాక్టర్ల బోర్డుకు పంపమని చెప్పారు. అంతసేపూ నేనెక్కడున్నానంటారా? గోడవారగా, చేతిలో తర్వాతి మనిషి చీటీతో, నోరు తెరుచుకుని.

డాక్టర్లు పళ్లు చూశారు, కీళ్లు చూశారు, ఎక్స్‌రేలు తీశారు, డెబ్బైకి తక్కువ ఉండదని రాశారు. పెద్దసారు పక్కన నిలబడి అంకె మార్పించారు. తాత పేరు జాబితాలోకి ఎక్కింది.

పోయే రోజున పొద్దుటి చాయ్ తాతే పెట్టాడు. అందరూ వద్దన్నా స్టౌ తోమి, గ్లాసులు బోర్లించి, అల్లం ఎక్కడుందో నాకు చూపించాడు. అతను ఇంటికి పోవాలని దేవుళ్లకు మొక్కినవాణ్ని నేనే, గేటు తలుపు తెరుచుకుంటుంటే రేపు పోరాదా తాతా అన్నవాణ్నీ నేనే. బయట వేపచెట్టు కింద తమ్ముడు ఎదురుచూస్తున్నాడు. బట్టల మూట ఎవరు మోయాలని ఇద్దరికీ అక్కడే పేచీ వచ్చింది. "నువ్వు సిన్నోనివి, నీకెందుకురా బరువు" అని తాత, "కంప్యూటర్ల మొన్నటిదాంక నేనే పెద్దోన్ని, మూట ఇటియ్యి" అని తమ్ముడు. మూటను మధ్యలో చెరో వైపు పట్టుకుని, బస్టాండు వైపు పోట్లాడుకుంటూనే పోయారు. తాత వెనక్కి తిరిగి చూశాడని నేను చాలామందికి చెప్పాను. చూడలేదు. ఎందుకు చూస్తాడు?

తర్వాత ఆఫీసుకు మీట నొక్కితే చాయ్ పోసే మిషన్ వచ్చింది. నర్సంపేట పోయి తాతను కలిసి వచ్చానని, జామకాయలు పెట్టాడని కూడా ఇంట్లో చెప్పి ఉన్నాను. ఎన్నడూ పోలేదు. ఆ బస్సు ఎదురుగా ఆగినప్పుడల్లా, రేపు పోదాం అనుకునేవాణ్ని.

ఇప్పుడు పుట్టిన గంటకే పిల్లలకు సర్టిఫికెట్ వస్తోంది, వేలిముద్ర వేస్తే మనిషి వివరమంతా తెరమీదికొస్తోంది, ములాఖత్ కూడా ఫోన్లో వీడియో మీద అయిపోతోందని విన్నాను. మంచిదే, తాతలాంటి మనిషి ఒక్క అంకె దగ్గర చిక్కుకుపోడు. నేను పాతకాలమే గొప్పదని అనను, ఆ కాలమే ఆయన్ను చిక్కించింది. పోయిన ఎండాకాలం డోర్నకల్‌లో మా అక్క పోయింది, రైల్వే క్వార్టర్లలో కాపురం చేసిన మా పెద్దక్క. కర్మకాండలకు వచ్చినవాళ్లలో నన్ను నిక్కరులో చూసినవాళ్లు ఒక్కరూ లేరు. నాకు ఎన్నేళ్లని ఎవరో అడిగితే, రోజుతో సహా చెప్పాను, తప్పు పోలేదు. రైల్లో తిరిగి వస్తూ ఆ జాలీ దగ్గర నిలబడి అరిచిన తమ్ముడిని తలచుకున్నాను. అరవై ఆరేళ్ల వయసులో, పదిమంది ముందు, ఊకోరా అని కసిరేవాడు అతనికి అప్పటికింకా ఉన్నాడు.