చక్రాల అక్క

ఇల్లందులో మాకు స్కేటింగ్ నేర్పిన అక్క ఒక్కచోట నిలబడేది కాదు. చాయ్ కూడా చక్రాల మీదనే తిరుక్కుంట తాగేది. మొదటి నెలంతా మాకు పడుడే నేర్పింది.

"కింద పడంగనే పిడికిలి బిగించుర్రి. వేళ్లు చాపితే ఎనకొచ్చేటోళ్ల చక్రం ఎక్కుతది," అనేది. పొద్దుకు పదిసార్లు మా చేతులు చూసేది.

ఖమ్మంల పోటీ అయితే, అక్క కూడా మా జట్టులనే ఉరికింది. మలుపు కాడ ఇద్దరం కలిసి పడ్డం. భయానికి నా అరచెయ్యి నేల మీద పరుచుకుంది. ఎనకొచ్చేటోళ్ల చక్రం ఎక్కేలోపు అక్క తన చెయ్యి నా చెయ్యి మీద కప్పింది.

అక్క చేతికి దవాఖానాల కట్టు కడుతుంటే కూడా ఆమె కాలు ఆడుతనే ఉంది.

"నువ్వెందుకు చెయ్యి చాపినవక్కా?" అన్న.

అక్క మంచిగున్న చేత్తోటి నా వేళ్లు ఒక్కొక్కటే ముడిచి, "గిట్ల," అన్నది.