జారిన కాలు

జగ్గమ్మకి అక్షరమ్ముక్క రాదు. అయినా పత్రికల మీద అంత పట్టింపు ఉన్న మనిషిని మా చుట్టుపక్కల నేను మరొకర్ని చూడలేదు. చీపురుపల్లి స్టేషన్లో ఆగే ప్రతి పాసింజరు కిటికీల కిందా ఆవిడ తట్ట కనబడేది. మురీలు అమ్మేది. మురీలంటే మరమరాలే, ఉల్లిపాయ ముక్కలూ పచ్చిమిరపా వేసి కలిపి, పాత పేపరు పొట్లంలో పోసి కిటికీలోకి అందించేది. ఆ పాత పేపర్లు మా ఇళ్ళలోంచే పోగుచేసుకునేది.

పందొమ్మిదివందల అరవై ఏడు, అరవై ఎనిమిది నాటి మాట ఇది. స్టేషనుకి దగ్గర పల్లెలో నేను ఎలిమెంటరీ స్కూలు పంతులమ్మని. జగ్గమ్మదీ ఆ పల్లే. ఊరి పేరు రాయను. అందులో ఉన్న పెద్దమనుషుల వారసులతో తగువు పెట్టుకునే ఓపిక నాకిప్పుడు లేదు. కోపం మాత్రం ఉంది, అది అప్పుడెంతో ఇప్పుడూ అంతే.

జగ్గమ్మ కొడుకు సోములు గూడ్సుషెడ్డులో మూటలు మోసేవాడు. కోడలు తాయారు ఇరవై దాటిన పిల్ల. అత్తాకోడళ్ళిద్దరూ పొద్దున్నే ఇసకలో మురీలు వేయించేవారు. పోట్లాడుకునేవారు కూడా, వీధి చివరికి వినబడేలా. మధ్యాహ్నానికి ఒకరి తలలో ఒకరు పేలు చూసుకుంటూ అరుగు మీద కూర్చునేవారు. తాయారుకి మొదటి ఇద్దరు పిల్లలూ దక్కలేదు. మూడో కాన్పులో ఆడపిల్ల పుట్టింది. మా వైపు పిల్లలు దక్కని తల్లి ఏం చేస్తుందంటే, పుట్టిన బిడ్డని పొరుగింటావిడకి చేటెడు తవుడుకి ఇచ్చేస్తుంది. మళ్ళీ తవుడు పోసి తెచ్చుకుంటుంది. ఇది నా పిల్ల కాదు, కొనుక్కున్నది అని మృత్యువుకి చెప్పడమన్నమాట. అలా తెచ్చుకున్న పిల్లకి తవిటమ్మ అని పేరు పెట్టారు. తాయారు ఆ పిల్లని నేలమీద దించగా నేను చూడలేదు. నీళ్ళకి వెళ్ళేటప్పుడు మాత్రం తప్పక అరుగు మీద పడుకోబెట్టి, పరుగున వెళ్ళి పరుగున వచ్చేది.

ఊరి నూతికి గట్టు కూలి చాలాకాలమైంది. ఆ రాళ్ళు ఎటు పోయాయో అందరికీ తెలుసు. పంచాయితీ ప్రెసిడెంటు బంగారురాజు పశువులశాలకి కొత్త మెట్లు ఎక్కణ్ణించి వచ్చాయో కళ్ళున్నవాడెవడైనా చెప్పగలడు. నుయ్యి ఉట్టి గొయ్యిలా నోరు తెరుచుకుని ఉండేది. అంచున పాచి.

ఒక వేసవి ఉదయం తాయారు చేద లాగుతూంటే కాలికింద పాచి జారింది. వెనకాలే రెండో బిందెతో జగ్గమ్మ ఉంది. చెయ్యి చాచింది, చీరకొంగు అందింది, కొంగు చిరిగింది. మగవాళ్ళు వచ్చి దిగేసరికి ఆలస్యమైపోయింది. అరుగు మీద తవిటమ్మ పాలకోసం గుక్కపెట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపు నేను స్కూల్లోంచి విన్నాను.

పోలీసులు వచ్చారు, పంచనామా రాశారు. కాలు జారిందని రాస్తే నూతికి గట్టేదని అడుగుతారు. గట్టేదని అడిగితే రాళ్ళేవని అడుగుతారు. అంచేత బంగారురాజు పెద్దమనుషుల్ని పిలిచి, ఆ పిల్లకి ఎప్పణ్ణించో కడుపునొప్పని చెప్పించాడు. పక్కనే చిరిగిన కొంగుముక్క పట్టుకుని నిలబడిన జగ్గమ్మని ఒక్కరూ అడగలేదు. అడక్కుండానే చెప్పబోతే, ముసల్దానికి మతి చలించిందన్నారు.

మూడోనాడు సోములు గూడ్సుషెడ్డు నుంచి పేపరు ముక్క పట్టుకొచ్చి తల్లి ముందు పడేశాడు. ఆవిడ దాన్ని తీసుకుని నా దగ్గరికి వచ్చింది.

"పంతులమ్మా, ఏటి రాసినారో సదువు. ఒక్క ముక్క ఒదిలీకు."

చదివాను. "సమీప గ్రామమున తాయారు అను వివాహిత చిరకాలముగా బాధించుచున్న కడుపునొప్పి భరింపజాలక, జీవితముపై విరక్తి చెంది, పసిబిడ్డను విడిచి నూతిలో దూకి ఆత్మహత్య చేసికొన్నది." అంతే. పక్కనే తలనూనె ప్రకటన, దాని మీద జడ వేసుకున్న ఆడమనిషి బొమ్మ.

అప్పటి పత్రికల్లో లోపలి పేజీ మూల ఇలాంటివి రోజూ ఉండేవి. ఆడది నూతిలో పడితే కడుపునొప్పి. మొగాడు ప్రాణం తీసుకుంటే అప్పులబాధ. కుర్రాడైతే పరీక్ష తప్పడం. ఈ జిల్లా ఆడవాళ్ళందరికీ ఒకే రోగం ఎలా వచ్చిందని ఏ డాక్టరూ అడగలేదు, ఏ సంపాదకుడూ అడగలేదు. పెళ్ళికి పట్టుచీరలా, చావుకి కడుపునొప్పి!

జగ్గమ్మ ఏడవలేదు. ఒక్కటే అడిగింది. "పసిబిడ్డని ఇడిసి అని రాసినాడా? తవుడు పోసి తెచ్చుకున్న గుంటని ఒదిలీసి దూకుతాదేటి మా తాయారు? రేపు ఈ గుంట నీ కాడికి సదువుకోడానికొస్తాది. ఈ ముక్క దాని సేతికొస్తాది. మా యమ్మ నన్నొగ్గీసి పోనాదనుకోదా?"

ఆవిడ దృష్టిలో అచ్చయినది చెరగదు. ఇవాళ్టి పేపరు రేపు పొట్లమని ఆవిడకి తెలియదా అంటే, ఊళ్ళో అందరికంటే ఆవిడకే ఎక్కువ తెలుసు. పొట్లంలోంచే కదా జనం ఆ ముక్కలు చదివేది!

ఆ రోజునుంచి జగ్గమ్మ ఇంటింటికీ తిరిగి ఆ పేజీ ఏరేసింది. చదవడం రాదు కనక జడ బొమ్మని బట్టి గుర్తుపట్టేది. పాత పేపర్ల కట్ట తీసుకుంటే ముందు అందులో బొమ్మ వెతికేది. కనబడితే అక్కడే చింపి పొయ్యిలో పెట్టేది. ఆ తలనూనెవాళ్ళు రోజు విడిచి రోజు అదే ప్రకటన వేశారు. పాపం, సంబంధంలేని పేజీలు ఎన్ని బూడిదైపోయాయో! నేను చెప్పి చూశాను. "ఒకటి తప్పిపోయేకన్నా పది కాలిపోడం మంచిది" అంది.

ఆ వార్త రాసినవాడు గణపతిరావు. స్టేషన్ రోడ్డులో పత్రికల ఏజెంటూ, విలేకరీ ఆయనే. కానిస్టేబులు సోడా తాగుతూ ఒక మాట చెబితే, దానికి తలా తోకా తగిలించి, కవరులో పెట్టి విశాఖపట్నం వెళ్ళే పాసింజరు గార్డు చేతికిచ్చేవాడు. చచ్చిన మనిషి ఇల్లు ఏ దిక్కునుందో చూడవలసిన అవసరం ఆయనకి ఎప్పుడూ రాలేదు.

జగ్గమ్మ తట్ట నెత్తినే పెట్టుకుని ఆయన కొట్టు ముందు నిలబడింది.

"బాబూ, నువ్వొచ్చి సూసినావా?"

"పోలీసులు చెప్పిందే రాశానమ్మా."

"ఆళ్ళకెవులు సెప్పినారు?"

"మీ ఊరి పెద్దలే."

"పెద్దలు ఆయేల నూతికాడ ఉన్నారేటి? నానున్నాను. నన్నడిగినోడు ఒక్కడూ నేడు. దూకనేదు, కాలు జారినాదని రాయి."

"పాత వార్త మళ్ళీ వెయ్యరు జగ్గమ్మా. పోయినవాళ్ళు ఎలాగూ రారు కదా."

పేపరు చదవడానికి చేరిన బడుద్ధాయిలు నవ్వారు. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఆవిడకే బుద్ధి చెప్పారు. ఊరు మంచిదైతే ఆవిడ నోరు ఎందుకు లేస్తుందని వాళ్ళకి తోచలేదు.

వానలు పట్టాక మరో చావు వచ్చింది. గోగునార వర్తకుడు కాశీవిశ్వనాథం వ్యాపారం దెబ్బతిని తన ప్రాణం తానే తీసుకున్నాడు. బజారంతా తెలుసు. పోలీసులు గుమ్మందాకా వచ్చి, కాఫీ తాగి వెళ్ళిపోయారు. మర్నాడు పేపర్లో ఆయన ఫోటో వేశారు. "ప్రముఖ వర్తకులు, దానశీలి శ్రీ కాశీవిశ్వనాథం గారు హఠాత్తుగా గుండె ఆగి స్వర్గస్థులైరి. వారి మృతి పురజనులకు తీరని లోటు." చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఆ చారెడు కళ్ళు కూడా అందరికీ రావు, గోదాములున్నవాళ్ళకే వస్తాయి.

అది చదివి నేను మండిపడ్డాను. జగ్గమ్మకి చెప్పింది నేనే. ఆవిడ కొట్టు మీదికి దండెత్తి అందరి ముందూ ఆ గుట్టు బయటపెడుతుందని అనుకున్నాను. పెట్టాలనే నాకు ఉంది. వెంట వెళ్ళాను కూడా.

గణపతిరావు మమ్మల్ని చూసి మొహం మాడ్చుకున్నాడు. కొట్లో మరెవరూ లేరు. జగ్గమ్మ తట్ట దించింది. గొంతు పెంచలేదు. ఆవిడ అంత మెల్లగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"ఆ బాబుకి గుండె రాసినావంట. మంచి పని సేసినావు. ఆరి ఇంటికి మురీలు పట్టుకెళ్తాను, ఆ పిల్లల్ని నానెరుగుదును. పెద్దయ్యాక మా నాన్న గుండాగి పోనాడనుకుంటారు. తప్పంటన్నానేటి? అననేదు. ఆ బాబుకి ఓ గుండె ఇచ్చినావు గదా, మా తాయారుకి జారిన కాలొకటి ఇయ్యి. అది నువ్వు కల్పించక్కర్లేదు. ఉన్నదే."

గణపతిరావు కలం మూత తీశాడు, పెట్టాడు. మళ్ళీ తీశాడు.

"నేను రాస్తే ఆ నూతి సంగతి రాయాలి జగ్గమ్మా. బంగారురాజుగారు..." అని ఆగిపోయాడు.

"అయితే ఆ రాజుకి భయపడి నా గుంటకి తల్లిని నేకుండా సేసినావు" అంది జగ్గమ్మ. తట్ట ఎత్తుకుని వచ్చేసింది. నేను మాత్రం ఆగి, నోటికొచ్చినవన్నీ ఆయన్ని అన్నాను. అవి ఇక్కడ రాస్తే అచ్చువెయ్యరు.

ఆ సాయంత్రం బండి దగ్గర జగ్గమ్మ కొత్త పని మొదలుపెట్టింది. కిటికీలోకి పొట్లం అందిస్తూ, "మా ఊరి నూతికి గట్టు నేదు బాబూ. రాళ్ళు ప్రెసిడెంటు ఎత్తుకుపోయినాడు. నా కోడలు తాయారు కాలు జారి పోనాది. దూకనేదు" అని చెప్పేది. డబ్బులిచ్చే చేతిని పట్టుకుని మరీ చెప్పేది. పక్క కిటికీ. మళ్ళీ అదే మాట. ఆమదాలవలస వెళ్ళే బండికీ, విజయనగరం వెళ్ళే బండికీ, రామతీర్థం యాత్రికులకీ, గుమస్తాలకీ, ఖాదీ టోపీలకీ. కొందరు చెయ్యి విదిలించుకునేవారు. కొందరు పొట్లం వద్దనేవారు. తట్ట సగం మిగిలిపోయిన రోజులున్నాయి. బంగారురాజు మనుషులు ఒకసారి ప్లాట్‌ఫారం మీద ఆ తట్ట తన్నేశారు. నేల మీద మురీలు ఏరుకుంటూనే ఆవిడ ఆగిన బండికి ఆ కథే చెప్పింది.

గణపతిరావు కవరు వారానికొక్కటి వెళ్తే, జగ్గమ్మ వార్త రోజుకి నాలుగు బళ్ళు ఎక్కేది. చివరికి బండిలో రోజూ తిరిగే పెద్ద ఆఫీసు గుమస్తా ఎవరో ఎవరికో చెప్పాడు. సర్కారు జీపు వచ్చింది. "గట్టు లేని నుయ్యి ఊరు ఇదేనా?" అనే అడిగారు దిగినవాళ్ళు. బంగారురాజు పశువులశాల మెట్లు రాత్రికి రాత్రే ఊడాయి. నూతి చుట్టూ నడుమెత్తు గట్టు లేచింది. ఒక్కరికీ శిక్ష పడలేదు. పైగా గట్టుకి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి ప్రారంభోత్సవం చేశారు. దండలు బంగారురాజుకే. గణపతిరావు కలమూ కాగితమూ పట్టుకుని ముందు వరసలో నిలబడ్డాడు. ప్రెసిడెంటుగారి చొరవ అని రాయడానికని వేరే చెప్పాలా!

జగ్గమ్మ తవిటమ్మని చంకనేసుకుని జనాన్ని తోసుకుంటూ వచ్చింది. పిల్లకి అప్పుడే మాటలొస్తున్నాయి. దండలవాళ్ళని దాటి, పిల్లని ఆ కొత్త గట్టు మీద కూర్చోబెట్టి, రెండు చేతులా నడుం పట్టుకుంది.

"గట్టిగా పట్టుకో అమ్మా. గట్టు" అంది.

పిల్ల రాయిని చేత్తో చరిచి, "గట్టు" అంది.

"ఇది ఆ నాడుంటే, మీ యమ్మ ఉండీది. నిన్నొగ్గీసి పోనేదు. నీ పాలేల అయిపోతన్నాదని తొందరగా సేద లాగినాది."

బంగారురాజు మెడలో దండ తీసి పక్కవాడికిచ్చాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జగ్గమ్మ గణపతిరావు వైపు తిరిగి చూసింది. రాయమని ఇప్పుడు అడగలేదు. తవిటమ్మ మళ్ళీ గట్టుని చరుస్తూ, నానమ్మ దగ్గర నేర్చుకున్న మాట పదిమంది ముందూ అంది.

"అమ్మ దూకనేదు."