రేడియో కోసం కోదాడ రోడ్డు మీద

స్మార్ట్‌ఫోన్ కొన్న నాటి నుంచి నాకు కాలు నిలవలేదు. దూరపు స్టేషన్లు పట్టడం నా పిచ్చి. ఫోన్లో రేడియో ఉంది గానీ ఇయర్‌ఫోన్ పెట్టనిదే తెరుచుకోదు. ఆ తీగే దానికి ఏరియల్. మిర్యాలగూడలో మా డాబా మీద దాన్ని బట్టల తీగకు చుట్టి చూసేవాణ్ణి, ఎత్తి చూసేవాణ్ణి.

అది 2013. కొత్తగా పెళ్లయింది. ఆషాఢం రాగానే నా భార్యను కోదాడలో పుట్టింటికి పంపారు. నెల దాకా నేను అత్తారింటి గడప తొక్కకూడదు. ఫోన్ చేస్తే చుట్టూ మనుషులు, ఆమె "ఊఁ" తప్ప ఏమీ అనదు. అందుకే వెళ్లేముందు ఒక మాట అనుకున్నాం. సూర్యాపేటలో ఒకే రకం ఫోన్లు రెండు కొన్నాం కదా, రోజూ సాయంత్రం ఆరింటికి విజయవాడ స్టేషన్లో పాత పాటలు ఇద్దరం ఒకేసారి వినాలి.

కోదాడలో ఆ స్టేషన్ ఖంగుమంటుందట. మా ఊళ్లో ఉత్త గురగుర. ఆమె అక్కడ ఒక్కతే వింటోందన్న ఆలోచన నన్ను కూర్చోనివ్వలేదు. రైస్‌మిల్లులో పని కాగానే బండి తీసి కోదాడ రోడ్డెక్కేవాణ్ణి. దారిలో నేరేడుచర్ల, గరిడేపల్లి, హుజూర్‌నగర్, ఆ తర్వాతే కోదాడ. ఒకరోజు నేరేడుచర్ల దాకా వెళ్లినా రాలేదు. ఎక్కడున్నానో ఫోన్ చేసి చెప్పేవాణ్ణి. "ఊఁ" అనేది. మర్నాడు ఇంకాస్త ముందుకు.

గరిడేపల్లి దగ్గర పొలాల పక్కన తీగ పైకెత్తి నిలబడ్డ సాయంత్రం, గొర్రెలు తోలుకెళ్తున్న పెద్దాయన ఆగాడు.

"ఏంది బిడ్డా, గట్ల నిలవడ్డవ్?"

"రేడియో తాతా. మిర్యాలగూడల వస్తలేదు."

"దానికి గింత దూరమొచ్చినవా? జర గా దిబ్బెక్కి సూడు."

ఎక్కాను. పాట వచ్చింది. చిన్నపిల్లాడిలా సంబరపడిపోయి వెంటనే ఫోన్ చేశాను.

"వచ్చింది. నువ్వు వింటున్నవా?"

ఆరోజు ఆమె పక్కన ఎవరూ లేరు.

"నేను వినట్లేదండీ. నేనిక్కడికి వచ్చిన రోజే తమ్ముడు ఇయర్‌ఫోన్స్ పట్టుకుని హాస్టల్‌కి వెళ్లిపోయాడు."

నాకు కోపం తన్నుకొచ్చింది. "మరి గిన్ని రోజులు చెప్పలేదేంది?"

"చెబితే ఆగిపోతారుగా. రోజూ కొంచెం దగ్గరికి వస్తున్నారు కదా అని..."

చెవిలో తీగ తీసి జేబులో పెట్టుకున్నాను.

"రేపు హుజూర్‌నగర్ల ఇంకా మంచిగొస్తదంట," అన్నాను.