చెంచా గాలాలు

మొన్న ఉప్పల్ రింగురోడ్డు పక్కన మందుల షాపు కోసం వెతుకుతుంటే, చేపలు పట్టే సామాను అమ్మే దుకాణం కొత్తగా కనబడింది. అద్దాల వెనక చెంచాల్లాంటి గాలాలు తళతళలాడుతూ వేలాడుతుంటే, ఎవరైనా నన్ను చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూశాను. ఈ వయసులో ఎవరికి భయపడతానండీ, అయినా చూశాను.

మేం నాచారంలో ఉంటూ, అక్కడే ఒక ఫ్యాక్టరీలో నేను లేత్ మిషన్ మీద పని నేర్చుకుంటున్న రోజులవి. ఆదివారం వస్తే రామంతాపూర్ చెరువే నా లోకం. వానపాము గుచ్చి గంటలకొద్దీ కూర్చోవడం నామోషీ అనిపించి, మా మేస్త్రీ చూపించినట్టు చెంచా కాడ కోసేసి, మిగిలిన గుంట భాగానికి రెండు చివరలా బెజ్జాలు వేసి, ఒకవైపు కొక్కెం, ఇంకోవైపు దారం, కొక్కేనికి కాస్త ఎర్ర ఉన్ని కట్టేవాణ్ణి. విసిరి లాగుతుంటే అది నీళ్లలో ఊగుతూ మెరిసేది, చేపపిల్ల అనుకుని కొర్రమట్ట గబుక్కున అందుకునేది. బజారు చెంచాలు మరీ పల్చన, మా అమ్మ పెళ్లినాటి స్టీలు చెంచాలైతేనే బరువు సరిపోయేది. తూటికాడల్లో చిక్కుకుని దారం తెగితే ఆ చెంచా పోయినట్టే, వచ్చే వారానికి వంటింట్లోంచి ఇంకొకటి.

అడిగి తీసుకోవచ్చు కదా అంటారేమో. మా చిన్న మేనమామ చెరువులో మునిగి పోయాడు, అందుకని గట్టు తొక్కనని అమ్మ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసి ఉన్నాను. పట్టిన చేపలు మేస్త్రీ ఇంట్లోనే ఇచ్చేసి, చేతులు సబ్బుతో తోముకుని, సినిమా చూసొచ్చినవాడి మొహం పెట్టుకుని ఇంటికి చేరేవాణ్ణి.

చెంచాలు తగ్గుతున్నాయని అమ్మ పసిగట్టింది. అమ్మకు అనుమానం వచ్చిందంటే ఇక నిద్రుండదు. ముందు పాలవాణ్ణి అనుమానించింది, తర్వాత చుట్టాలను, చివరికి పక్క వాటా అత్తమ్మ దగ్గర ఆగింది. రెండిళ్ల అంట్లూ ఒకే నల్లా కింద తోముకునేవాళ్లం మరి. గిన్నెల మీద పేర్లు కొట్టించడం అందరూ చేసేదే, మా అమ్మ మాత్రం వీధిలోకి వచ్చిన పేర్లు కొట్టే అతన్ని కూర్చోబెట్టి ప్రతి చెంచా కాడ మీదా తన పేరు కొట్టించింది. ఆ కాడను కోసి ఫ్యాక్టరీ తుక్కులో పారేసేవాడికి అదొక అడ్డా?

తర్వాతి ఆదివారం పొద్దున మళ్లీ ఒకటి తగ్గింది. అత్తమ్మ నల్లా దగ్గర అంట్లు తోముతోంది. అమ్మ వెళ్లి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుని, ఆమె చెంచాలు ఒక్కొక్కటీ తిప్పి కాడ మీద పేరు వెతికింది. అత్తమ్మ కేకలు వెయ్యలేదు, తానే ఒక్కొక్క చెంచా కడిగి అందించింది.

"సూస్కో వదినె, మంచిగ సూస్కో."

నేను గడపలో నిలబడి ఉన్నాను, పోయిన చెంచా నా జేబులో ఉంది. ఒక్క మాట చెబితే ఆమె పరువు నిలబడేది, నేను చెప్పులేసుకుని చెరువుకు పోయాను. ఆ రోజు పెద్ద కొర్రమట్ట పడిందని కూడా ఒప్పుకోవాలి.

కొన్నాళ్లకే అత్తమ్మవాళ్లు కాప్రాకు ఇల్లు మారారు. అమ్మ పోయినప్పుడు అత్తమ్మ వచ్చింది, అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని నిజంగానే ఏడ్చింది. మళ్లీ పదకొండో రోజు భోజనానికి వచ్చి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, తన చేతిసంచీ తెరిచి నా భార్య ముందు పట్టింది.

"జర సూడు బిడ్డా."

ఏదో పెట్టమంటోంది అనుకుని నా భార్య లోపలికి పరుగెత్తి రెండు అరటిపళ్లు తెచ్చి అందులో వేసింది. ఆమె వెతుక్కోమంటోందని నాకు మాత్రం అర్థమైంది. అప్పుడైనా నోరు విప్పాల్సింది, విప్పలేదు.

ఇప్పుడు నాచారంలో ఆ వాటాల ఇళ్లు లేవు, అందరివీ అపార్ట్‌మెంట్లే. ఎవరి సింకు వాళ్లది, ఒకరి చెంచా ఇంకొకరి ఇంట్లో కలవదు, అనుమానపడేంత దగ్గరగా ఎవరూ ఉండరు. నాచారం నుంచి కాప్రాకు బస్సులో అరగంట కూడా పట్టదు. అత్తమ్మ బతికి ఉన్నన్నాళ్లూ నేను ఆ బస్సు ఎక్కలేకపోయాను.