అమ్మ గొలుసు విప్పించి మద్రాసుకు

ఇంట్లో మనసు బాగాలేని మనిషిని వెంటబెట్టుకుని నెల్లూరు నుంచి మద్రాసు పోవలసినవాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. ఉన్నారని మాత్రం తెలుసు, దారి పొడుగునా వాళ్లే తగిలారు. వాళ్లకు పనికొస్తుందని ఈ ప్రయాణం రాస్తున్నాను. రాస్తుంటే ఇప్పటికీ కోపం వస్తోంది. దాన్ని దాచుకోవాలని కూడా నాకు లేదు.

అరవైల మొదట్లో మాట. నేను నెల్లూరులో ఎలిమెంటరీ స్కూలు టీచర్ని. నాన్న పోయాక అమ్మ ముత్తుకూరు దగ్గర పల్లెలో మా మేనమామ ఇంట్లో ఉండేది. ఆ ఏడాదే ఆమెకు ఎవరో పిలుస్తున్నట్టు వినబడడం మొదలైంది. పిలుపు వస్తే చేతిలో నారు కట్ట ఉన్నా మళ్లోనే పడేసి పోయేది. వేసవి సెలవులకు నేను వెళ్లేసరికి ఇంట్లో లేదు.

"సముద్రం గాలి మంచిదని మైపాడు పక్క చుట్టాలింటికి పంపినాం," అన్నాడు మామ. మాకు ఆ పక్క చుట్టాలే లేరు.

నిజం చెప్పింది పోలమ్మ. మైపాడు నుంచి నెల్లూరికి చేపలు తెచ్చి అమ్మే మనిషి. నేను నెల్లూరు తిరిగొచ్చాక నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "టీచరమ్మా, ఒకామె నా కూతురు నెల్లూరులో టీచరని వచ్చేపొయ్యే వాళ్లందరికీ చెప్తా ఉండాది. ఇస్కూలు పేరు కూడా చెప్పింది. కాలికి గొలుసేసి రాటకు కట్టుండారమ్మా."

మర్నాడు మొదటి బస్సుకు బయల్దేరాను. బస్సు నిండా ఖాళీ చేపల గంపలు. అప్పట్లో ఆ బస్సు బకింగ్‌హాం కాలువ ఇవతలే ఆగేది. బల్లకట్టు దాటి, సరుగుడు తోపుల వెంబడి ఇసకలో చాలాదూరం నడవాలి. ఆ చోటి పేరు రాయను. రాస్తే వెతుక్కుని పోయేవాళ్లుంటారు.

ఒక తాటాకు పందిరి, కింద వరసగా రాటలు, రాటకో మనిషి. పొద్దున సముద్రపు నీళ్లు కుమ్మరించడం, ఆ తర్వాత ఎండలో కూర్చోబెట్టడం. ఇదే అక్కడి వైద్యం. అమ్మకు జుట్టు కత్తిరించేశారు. చీలమండ ఒరుసుకుపోయి చీము పట్టింది, ఈగలు ముసురుతున్నాయి. నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "అన్నం తిని వచ్చినావా పాపా?"

అక్కడి పెద్దాయన దగ్గరికి పోయి గొలుసు విప్పమన్నాను.

"మొక్కు మధ్యలో విప్పకూడదు. మీ మామను రమ్మను."

"కట్టేటప్పుడు నన్ను అడగలేదే?"

"ఆడపిల్లను అడిగేదేంది?" అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే ఆయనకు అర్థం కాలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

పోయి అమ్మ పక్కన రాటకు ఆనుకుని కూర్చున్నాను. నీళ్ల కుండలతో వచ్చినవాళ్లతో, "ముందు నా మీద పొయ్యండి," అన్నాను. పోశారు. కళ్లు మండాయి, బిగుసుకున్న పెదాల మీద ఉప్పు. లేవలేదు. అక్కడే కట్టేసి ఉన్న తన తమ్ముణ్ణి చూసుకోవడానికి వచ్చిన ఒకావిడ అది చూసి పెద్దాయన ముందుకు వచ్చి నిలబడింది. "కన్నకూతురు తీసకపోతానంటా ఉంటే నీకేంది అడ్డం?" అంది. ఇంకో ఇద్దరు ఆమె పక్కన చేరారు. గొణుక్కుంటూ ఆయన తాళం తీశాడు. నేను లేచి అమ్మ చెయ్యి పట్టుకుంటే ఆ రాటల దగ్గర మిగిలినవాళ్లంతా మా వైపు చూస్తున్నారు. ఆ చూపులు దాటి రావడం కష్టమైంది.

తిరుగు బస్సు కండక్టరు అమ్మ తలా కాలూ చూసి, "పిచ్చోళ్లను ఎక్కించుకోం," అన్నాడు.

అమ్మే జవాబు చెప్పింది. "పిచ్చోళ్లకు వేరే టిక్కెట్టుంటే అదే ఇయ్యన్నా. మా పాప కొంటాది."

బస్సులో వాళ్లు నవ్వారు. ఎక్కనిచ్చాడు.

సాయంత్రానికల్లా సంగతి తెలిసి మామ నా గదికి వచ్చాడు. తెల్లారి మద్రాసు తీసుకుపోతున్నానని చెప్పాను.

"పిచ్చాసుపత్రిలో చేర్చినామని తెలిస్తే నేను ఊళ్లో తలెత్తుకోవాల్నా వద్దా?"

"రాటకు కట్టినట్టు తెలిస్తే పరవాలేదా మామా?"

"అది మొక్కు. ఇది పిచ్చి," అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. నాన్న పోయాక మాకు అన్నం పెట్టినవాడే. అందుకే ఆ మాట నాకు మరీ కోపం తెప్పించింది.

మర్నాడు పొద్దున ప్యాసింజరు ఎక్కాం. నాలాగా పోయేవాళ్లు గుర్తు పెట్టుకోవాల్సింది: తలుపు దగ్గర కూర్చోవద్దు, కిటికీ పక్కన కూర్చోబెట్టుకోండి. పెరుగన్నం, మరచెంబుతో నీళ్లు దగ్గరుంచుకోండి. ఎవరైనా అడిగితే అబద్ధం చెప్పొద్దు. ఎదుటి సీట్లో కండువా ఆయన "ఏం జబ్బమ్మా?" అంటే "మనసు జబ్బండీ" అని అందరికీ వినబడేట్టే చెప్పాను. ఆయన పక్కనున్నామె బిడ్డను ఒళ్లోకి లాక్కుంది.

గూడూరు దాటాక ఆమే నా చెవి దగ్గరికి వంగింది. "మా మరిదీ అంతేనమ్మా. గొడ్ల పాకలో పెట్టుండాం." నాయుడుపేట దగ్గర కండువా ఆయన బాబాయి సంగతి బయటికి వచ్చింది. దొరవారిసత్రంలో ఎక్కిన ముసలామె తన చెల్లెలు బావిలో పడిందని, అందరికీ కాలు జారిందని చెప్పుకున్నారని అంది. అందరూ గొంతు తగ్గించే చెప్పారు. ఒక్క పెట్టెలో ఇంతమంది. ఇంటింటా ఒకరిని దాచిపెట్టుకుని, మా అమ్మ కనబడగానే బిడ్డల్ని ఒళ్లోకి లాక్కుంటున్నారు.

అమ్మ అన్నీ వింటూనే ఉంది. ఆ మరిది సంగతి చెప్పినామె వైపు తిరిగి, "ఆ పిల్లోడికి అన్నం ఎవరు పెడతా ఉండారు?" అని అడిగింది.

మద్రాసు స్టేషన్లో దిగి జట్కా మాట్లాడుకుని ఆసుపత్రికి పోయాం. సాయంత్రం దాకా వరండాలో కూర్చున్నాక డాక్టరు చూశాడు. అరవం కలిసిన తెలుగులో, ముందు అమ్మ పేరు అడిగాడు. ఎన్నో నెలలుగా ఆమె పేరు అడిగినవాళ్లు లేరు. తర్వాత కాలిపుండు కడిగించాడు.

"బాగైనాక తీసుకుపోవడానికి ఎవరు వస్తారు?" అన్నాడు.

"నేనే వస్తాను."

"అందరూ అదే అంటారమ్మా," అని వరండా చివర కూర్చున్న కొందరిని చూపించాడు. వాళ్లకు నయమైంది. వాళ్లకోసం ఎవరూ రాలేదు.

అమ్మను అక్కడ చేర్చి వచ్చి, వానలు పడేలోపలే తీసుకురావడానికి వెళ్లాను. అమ్మ ఒళ్లు చేసింది. మాత్రలకు చేతులు వణుకుతున్నాయి, మాట్లాడుతూ మాట్లాడుతూ కునుకు తీస్తోంది. తిరుగు రైల్లో సూళ్లూరుపేట దాటాక అడిగాను. "ఇంకా పిలుస్తా ఉండారామ్మా?"

"పిలుస్తారు. మునుపంత గట్టిగా లేదు. పోబుద్ధి కావడంలే."

నయం అంటే అంతే. అంతకంటే ఎక్కువ చెబితే మీకు అబద్ధం చెప్పినట్టు. కానీ ఈ మాత్రం దూరం రైల్లో పోలేక, మనుషుల్ని ఇసకలో కట్టేసి వస్తున్నాం. జబ్బు దేవుడిచ్చాడనుకుందాం, గొలుసు మాత్రం మనం కొన్నదే.

నెల్లూరు స్టేషన్ బయట మామ గూడుబండితో నిలబడి ఉన్నాడు. ముందూ వెనకా చీరలు కట్టించాడు, అమ్మ ఎవరికీ కనబడకుండా. "ఎక్కక్కా, తొందరగా," అన్నాడు అటూ ఇటూ చూస్తూ.

అమ్మ ఆ చీరలకేసి చూసింది. "ఊపిరాడదురా అందులో," అని నా చెయ్యి పట్టుకుని నడక మొదలుపెట్టింది. మిట్టమధ్యాహ్నం, బజారు నిండా జనం. పొట్టి జుట్టు, మెల్లటి నడక, చూసేవాళ్లు చూస్తున్నారు. కూరగాయల అంగడి ముందు ఆగి, వణికే చేత్తో ఒక్కొక్క వంకాయే ఏరి, పుచ్చువి పక్కన పెట్టి, అంగడామెతో చాలాసేపు బేరమాడింది. వెనకాల మా మామ, ఖాళీ బండి.